ముందు బెజ్జం చూడండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పోయిన నెల నైజీరియా ఆడవాళ్ళు నడుముకు కట్టుకునే పూసల పేటల గురించి ఇక్కడ నాలుగు ముక్కలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. డెబ్బైల చివర్లో మనవాళ్ళు చాలామంది లాగే మేమూ ఉద్యోగానికి నైజీరియా వెళ్ళాం. ఇబాదాన్ దగ్గర ఒక సెకండరీ స్కూల్లో కెమిస్ట్రీ చెప్పాను. జీతంలో చీరలకి పోవాల్సిన వాటా పూసలకి పోయింది. ఎక్కువమంది అడిగింది ఒకటే: ‘ఇది అసలుదా, నకిలీదా?’ దానికి అవుననో కాదనో తేల్చడం కుదరదు. ఎక్కడ చేశారు, ఎప్పుడు చేశారు, ఏ పద్ధతిలో చేశారు అని అడిగితే మాత్రం చాలావరకు పూసే చెబుతుంది.

ప్రశ్న: మావారు ఘనా రాజధాని అక్రాలో మందుల కంపెనీలో పనిచేస్తారు. నేను వెళ్ళినప్పుడు కోఫోరిదువా సంతలో ఒక దండ కొన్నాను. పొడుగాటి పూసలు, ఒళ్ళంతా రంగురంగుల పూలు. మూడొందల ఏళ్ళ నాటివనీ, వీటితో బానిసల్ని కొనేవారనీ అమ్మినావిడ చెప్పింది. అప్పటినుంచి వేసుకోబుద్ధి కావడం లేదు. నిజమేనా? ఫోటోలు పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: గురువారం వెళ్ళి ఉంటారు, అక్కడ పూసల సంత ఆ రోజే. ముందు మీ మనసు కుదుటపరుచుకోండమ్మా. మీ దండలో ఉన్నవి వెనిస్ పూలపూసలు, మిల్లెఫియోరి అంటారు. ఇవి ఆఫ్రికాకి వెల్లువగా వచ్చింది 19వ శతాబ్దం చివరి నుంచి 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా. బ్రిటన్ తనవాళ్ళ బానిస వ్యాపారాన్ని నిషేధించింది 1807లో. మనుషుల్ని కొనడానికి గాజుపూసలు ఇచ్చిన మాట నిజమే, అందులో దాచేదేం లేదు. కాని ఆ కాలపు పూసలు ఇవి కావు. మీ దండలోని పూసలు పామాయిలు, దంతం, రబ్బరు కొనుక్కుంటున్న కంపెనీల రోజులవి. ‘బానిస పూసలు’ అన్న పేరు అమ్మేవాళ్ళు తగిలించింది. కథ తోడైతే ధర పెరుగుతుంది.

వీటి కాలం ఇంత నమ్మకంగా ఎలా చెప్పగలుగుతున్నారంటే, ఆనాటి వ్యాపారుల నమూనా అట్టలు మిగిలాయి. జె.ఎఫ్. సిక్ అనే కంపెనీ పశ్చిమాఫ్రికాలో అమ్మకానికి అట్టలకు కుట్టి పెట్టుకున్న పూసలు ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో ఉన్నాయి. మీ పూసకి అచ్చం కవల లాంటిది అందులో ఒకటి దొరికినా ఆశ్చర్యం లేదు.

ఇక చూడడం ఎలాగో చెబుతాను. రంగుగాజుల్ని పొరలుపొరలుగా చేర్చి వేడిమీద సాగదీస్తే లోపల పువ్వు ఉన్న కడ్డీ తయారవుతుంది. ఆ కడ్డీని పలచని బిళ్ళలుగా కోస్తారు. దీపం మంట దగ్గర సన్నటి లోహపు ఊచ చుట్టూ కరిగిన గాజు చుట్టి, దానిమీద బిళ్ళలు అంటించి, మళ్ళీ కాచి, దొర్లించి నునుపు చేస్తారు. నా దగ్గరున్న ఒకదాన్ని పదిరెట్ల భూతద్దం కింద పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఇటుకరంగు నేల. పువ్వు నడుమ నీలం చుక్క, చుట్టూ తెల్లటి నక్షత్రం, దాని చుట్టూ పసుపు అంచు. ఒక పువ్వు పక్కపువ్వు మీదకి ఎక్కలేదు. రెండింటి మధ్యా ఇటుకరంగు గీత సన్నగా కనిపిస్తోంది. బెజ్జం చుట్టూ నెలవంకల్లా చిన్నచిన్న పెచ్చులు లేచిపోయి ఉన్నాయి, పక్కపూస ఏళ్ళ తరబడి ఒరుసుకున్న చోటది. ఆ పెచ్చుల అంచులు కూడా అరిగి మొద్దుబారాయి. బెజ్జం నోరు ఒక పక్కకి కాస్త సాగింది, దారం ఎప్పుడూ అటే లాగింది కాబట్టి. నడిమి భాగం ఇంకా నిగనిగలాడుతూనే ఉంది.

వాడకంతో వచ్చిన అరుగుదల ఇలా ఒకచోట ఉండి ఇంకోచోట ఉండదు. ఒళ్ళంతా ఒకే తీరున మసకబారిందంటే అనుమానించండి. యాసిడ్‌లో ముంచినా, ఇసుకపోసి డ్రమ్ములో తిప్పినా అలాంటి మసకే వస్తుంది. తర్వాత బెజ్జంలోకి టార్చిలైటు వేయండి. కరిగిన గాజు ఊచకి పట్టేయకుండా ఊచకి మట్టిపూత వేస్తారు. కొత్త పూసల్లో ఆ తెల్లటి పొడి తరచుగా మిగిలిపోతుంది, సూదితో గీకితే రాలుతుంది. ఎర్రమట్టి కనబడితే మాత్రం పాతదని మురిసిపోవద్దు. మట్టి ఎవరైనా కూరగలరు. ఇంకో రకం ఉంది: చెంపకి ఆనిస్తే చల్లదనం ఉండదు, చేతిలో బరువు తెలియదు. అది గాజే కాదు, పాలిమర్ క్లే అనే ప్లాస్టిక్ ముద్ద.

మీ దండలో నారింజరంగు నేల ఉన్న రెండింటిలో పూలు కరిగి ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. అవి కొత్తవి. మిగతావి ఫోటోలో చూసినంతవరకు పాతవే. సంతలో గుచ్చేటప్పుడు పొడుగు చాలకపోతే చేతికందినవి కలిపేస్తారు, దానికి ఆవిడ మీద కోపం తెచ్చుకోనక్కర్లేదు. హాయిగా వేసుకోండి.

ప్రశ్న: ఆంటీ, నేను డల్లాస్‌లో ఉంటాను. ఇక్కడ ఒక ఎగ్జిబిషన్‌లో నీలం-తెలుపు-ఎరుపు చారల చెవ్రాన్ పూస కొన్నాను. ‘ఏడు పొరలు, 16వ శతాబ్దం’ అని చీటీ ఉంది. పొరలు ఎలా లెక్కపెట్టాలి?
– ఒక పాఠకుడు

జవాబు: బెజ్జం ఉన్న వైపు తిప్పి, తడిబట్టతో తుడిచి, మధ్య నుంచి బయటికి రంగు మారినప్పుడల్లా ఒకటి లెక్క వేసుకో నాయనా. చెవ్రాన్ చుట్టి చేసేది కాదు, సాగదీసి చేసేది. పొర మీద పొర వేస్తూ, నక్షత్రం ఆకారపు గాడులున్న మూసలో ఒత్తుతూ, చివరికి పెద్ద గొట్టంగా లాగి, ముక్కలు కోసి, చివర్లు సానపడతారు. సానపట్టిన చోట లోపలి పొరలు బయటపడి ఆ కోణాల చారలు వస్తాయి. అందుకే ఇందులో గాలిబుడగలు బెజ్జానికి సమాంతరంగా సూదుల్లా సాగి ఉంటాయి. చుట్టి చేసిన పూసలో బుడగలు బెజ్జం చుట్టూ తిరుగుతాయి. ఈ ఒక్క తేడా చాలు, సగం అనుకరణలు అక్కడే దొరికిపోతాయి.

ఈ పూస పుట్టింది వెనిస్ పక్కనున్న మురానో దీవిలో, 15వ శతాబ్దం చివర్లో. మరియా బరోవియర్ అనే గాజుపనివారి ఇంటి ఆడపిల్ల పేరు దీనితో ముడిపడి ఉంది. ఏడు పొరలవి మొదటి కాలానివి. వాటిలో లేత ఆకుపచ్చ పారదర్శకపు గాజు పొరలు కూడా ఉంటాయి, నక్షత్రానికి మామూలుగా 12 కోణాలుంటాయి. తర్వాతి కాలానికి పొరలు తగ్గాయి. 19, 20 శతాబ్దాల్లో నాలుగు పొరలవి లెక్కలేనన్ని వచ్చాయి, అవీ వెనిస్‌వే. నువ్వు రాసిన రంగుల్ని బట్టి నీది అలాంటిదే అనిపిస్తోంది. నాలుగే లెక్కకొస్తే అది నకిలీ కాదు, చీటీ మాత్రం అబద్ధం. ఇప్పుడు చైనాలోనూ మన దేశంలోనూ కూడా చెవ్రాన్లు చేస్తున్నారు. వెనిస్‌లోనూ మానలేదు.

ప్రశ్న: పసుపుపచ్చటి గాజుపూస అతినీలలోహిత టార్చి కింద ఆకుపచ్చగా వెలిగితే పాతదని గ్యారంటీయేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: యురేనియం ఉందని గ్యారంటీ. వయసుకి కాదు. బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో, 1830ల నుంచి యురేనియం కలిపి గాజు చేశారు, ఆ పూసలు పశ్చిమాఫ్రికాకి బాగా వెళ్ళాయి. కాని యురేనియం గాజు తర్వాత కూడా చేశారు. వెలుగు చూశాక మళ్ళీ భూతద్దమే గతి. పిల్లల నోటికి మాత్రం అందనివ్వకండి.

ప్రశ్న: ఆఫ్రికా పూసలంటారు గాని అన్నీ వెనిస్, బొహీమియా అనే చదువుతున్నాను. ఆఫ్రికావాళ్ళు సొంతంగా గాజు చేయలేదా? క్రోబో పూసల్లో పాతవీ కొత్తవీ ఎలా తెలుస్తాయి?
– ఒక ఉపాధ్యాయురాలు, నల్లగొండ

జవాబు: చేశారు మేడమ్, బ్రహ్మాండంగా చేశారు. నైజీరియాలో ఇఫే అనే ఊరుంది, యొరుబావాళ్ళకి పరమ పవిత్రం. మాకు బస్సులో వెళ్ళొచ్చేంత దూరం. అక్కడ ఇగ్బో ఒలోకున్ అనే తోపులో గాజు అంటుకుపోయిన మూసలు, పూసలు పుట్టలుపుట్టలుగా బయటపడ్డాయి. 1910లో జర్మన్ పరిశోధకుడు ఫ్రోబెనియస్ వాటిని చూశాడు. చాలాకాలం పండితులు ‘బయటి గాజుని తెచ్చి కరిగించి ఉంటారులే’ అని సరిపెట్టుకున్నారు. నైజీరియా పురావస్తు శాస్త్రవేత్త అబిదెమి బబటుండే బబలోలా తవ్వకాలు జరిపి, గాజుకి రసాయన పరీక్ష చేయించాక ఆ మాట పోయింది. సున్నం, అల్యూమినా రెండూ ఎక్కువగా ఉన్న గాజది. ఆ పాళ్ళు ఐరోపా గాజులో లేవు, అరబ్బు దేశాల గాజులో లేవు. 11 నుంచి 15వ శతాబ్దం మధ్య అక్కడే, అక్కడి ముడిసరుకుతోనే చేసుకున్నారు. పోర్చుగీసు ఓడ ఆ తీరం తొక్కకముందే పొయ్యి రాజుకుందన్నమాట. క్లాసులో గాజు పాఠం చెప్పినప్పుడు ఇది తెలిసుంటే ఆ పిల్లలకి ఎంత గర్వంగా ఉండేదో.

క్రోబో సంగతి వేరు. ఘనాలో ఒదుమాసె చుట్టుపక్కల వాళ్ళు గాజుని మొదటినుంచీ వండరు, ఉన్న గాజుని దంచుతారు. సీసాలు రోట్లో వేసి దంచి, జల్లించి, లోపల కయోలిన్ అనే తెల్లమట్టి పూసిన మట్టిమూసలో రంగురంగుల పొడి పొరలుగా పోస్తారు. మధ్యలో కర్రపెండలం ఆకు కాడ ముక్క గుచ్చుతారు. పొయ్యిలో పొడి కరిగి అతుక్కునేసరికి కాడ కాలిపోయి బెజ్జం మిగులుతుంది. తర్వాత నీళ్ళు, ఇసుకతో రాతిమీద రుద్ది మెరుగు పెడతారు. గాజు పూర్తిగా ద్రవం కాలేదు కనుక, పెచ్చు లేచిన చోట చూస్తే సున్నుండ విరిచినట్టు రవ్వరవ్వగా ఉంటుంది. వెనిస్ పూస పెచ్చు అలా ఉండదు, సీసాపెంకులా నున్నగా, గుంటగా ఉంటుంది. దీన్నిబట్టి పొడిగాజు పూసని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.

పాతవాటిలో రాజు బోదొమ్. పెద్దపెద్ద పసుపు పూసలు, ఘనాలోని అకాన్ జాతి రాజులు, పెద్దలు పెట్టుకునేవి. దొంగ వస్తే అరుస్తాయని, పిల్లలు పెడతాయని వాటిమీద కథలున్నాయి. పాత బోదొమ్ బెజ్జంలోకి లైటు వేస్తే పైన పసుపు, లోపల నల్లటి లేదా బూడిదరంగు గుండె కనిపిస్తుంది. కొత్తగా చేసేవాటిలో చాలావాటికి ఆ నల్ల గుండె ఉండదు, ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకటే రంగు. కొత్తవాటిని నకిలీ అనడం నాకు నచ్చదు. ఆ చేతులు అవే, ఆ మూసలు అవే, ఈడొచ్చినప్పుడు చేసే దిపో వేడుకలో ఆడపిల్లలు ఇప్పటికీ పూసలు పేటలుపేటలుగా వేసుకుంటారు. కొత్త పూసని పాతదని చెప్పి అమ్మినవాడిదే నకిలీ పని.

తికమక పెట్టేవి ఇంకొన్ని ఉన్నాయి. విరిగిన వెనిస్ పూసల ముక్కల్ని క్రోబోవాళ్ళు మూసలో పెట్టి మళ్ళీ కాలుస్తారు. గాజు వెనిస్‌ది, పూస ఘనాది, రెండింటి వయసులు వేరు. వాటికి చీటీ ఏమని రాయాలో మ్యూజియంవాళ్ళే తేల్చుకోవాలి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక షాపులో ‘ఆఫ్రికన్ ట్రేడ్ బీడ్స్’ అని కిలోల లెక్కన అమ్ముతున్నారు. అన్నీ ఒకే సైజు, ఒకే మెరుపు. ఇవి ఎక్కడివి?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: కిలోల లెక్క అన్నప్పుడే సగం జవాబు వచ్చేసింది. ఉత్తరప్రదేశ్ హత్రాస్ జిల్లాలో పుర్దిల్‌నగర్ అని ఊరుంది, ఇంటింటా గాజుపూసల పనే. వెనిస్ పూలపూసలకి, ఆఫ్రికాలో చలామణీ అయిన ఇంకా చాలా రకాలకి అక్కడ ప్రతులు తయారవుతాయి. అక్కడినుంచి దేశదేశాలకి పోయి, తిరిగి ‘ఆఫ్రికా పాత పూసలు’ అనే చీటీతో దర్శనమిస్తాయి. మీరు చూసినవి అక్కడివేనని షాపు చూడకుండా ఒట్టేసి చెప్పలేను గాని, నా పందెం అటే. చేసినవాళ్ళ నేర్పుని తక్కువ చేయకండి. ముచ్చటపడితే కొత్త పూసల ధరకి కొనుక్కోండి.

ఈ కాపీల తంతు ఇవాళ్టిది కాదు. గుజరాత్‌లోని ఖంభాత్ నుంచి ఎర్రటి కార్నీలియన్ రాతిపూసలు, పదకాలు శతాబ్దాలపాటు ఆఫ్రికాకి వెళ్ళాయి. 19వ శతాబ్దంలో జర్మనీలో ఇదార్-ఒబర్‌స్టైన్ సానవాళ్ళు అవే ఆకారాల్ని తమ అగేట్ రాతిలో కోసి అదే మార్కెట్టులో దిగారు. వాళ్ళ వెనకే బొహీమియావాళ్ళు ఆ రాతినే అచ్చుల్లో పోసిన గాజుతో దింపేశారు. సహారా ఎడారిలోని తువారెగ్‌లు వేసుకునే తల్‌హకీమ్ అనే ముక్కోణపు పదకం మూడు రకాల్లోనూ దొరుకుతుంది. అచ్చుపోసిన గాజైతే అంచు వెంట సన్నటి అతుకు గీత వేలిగోరుకి తగులుతుంది. ఆ గాజు పదకానికీ ఇప్పుడు వందేళ్ళ పైమాటే, దాన్ని వెతుక్కునేవాళ్ళు వేరే ఉన్నారు.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి వైపు. పాపానాయుడుపేట పూసలు ఆఫ్రికాకి వెళ్ళాయని మా తాతగారు అనేవారు. ఆధారం ఉందా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ తాతగారి మాటని పద్ధతి వరకు పెద్ద పండితులే సమర్థిస్తారండి. పూసల చరిత్ర మీద జీవితమంతా పనిచేసిన అమెరికన్ పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ జూనియర్ మీ ఊరు వచ్చి, అక్కడి కొలుముల పని చూసి రాశారు. పొడుగాటి ఇనపగొట్టం చివర కరిగిన గాజుముద్దని శంకువులా పట్టి, దానిలోంచి గాజు గొట్టాన్ని తీగలా లాగుకుపోవడం, తర్వాత ముక్కలు కోసి, మళ్ళీ కాచి అంచులు గుండ్రం చేయడం. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో రెండువేల ఏళ్ళ కిందట చిన్నచిన్న ఒంటిరంగు పూసలు చేసిన పద్ధతి ఇదేనని ఆయన తేల్చారు. ఆ జాతి పూసలు ఆగ్నేయాసియాలోను, ఆఫ్రికా తూర్పు తీరంలోను తవ్వకాల్లో విరివిగా దొరికాయి. నేను ఇక్కడ రాస్తున్న పడమటి తీరానిది వేరే కథ. అటు ప్రధానంగా ఐరోపా గాజే.

ప్రశ్న: ముక్కోణం ఆకారంలో, కన్నుల్లాంటి బొమ్మలున్న మారిటానియా ‘కిఫా’ పూస ఒకటి బహుమతిగా వచ్చింది. ఇండోనేషియాది అంటోంది మా కోడలు. గొడవ తీర్చండి.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అత్తాకోడళ్ళ మధ్య తీర్పు చెప్పేంత ధైర్యం లేదు గాని, ఇద్దరూ కలిసి ఒక భూతద్దం కొనండి. కిఫా పూసలు చేసేది ఆడవాళ్ళు. 1949లో ఫ్రెంచి పరిశోధకుడు రేమండ్ మోనీ కిఫా అనే ఊళ్ళో చూసి రాయడంతో ఆ పేరు స్థిరపడింది. గాజుని మెత్తటి పిండిలా నూరి, బంకనీళ్ళతోనో ఉమ్మితోనో తడిపి ముద్ద చేసి, సూదిమొనతో రంగు తరవాత రంగు పెడుతూ బొమ్మ గీస్తారు. తర్వాత సార్డీన్ చేపల డబ్బా రేకుమీద పెట్టి నిప్పుల్లో కాలుస్తారు. అంటే ప్రతి గీతా పొడితో పెట్టిందే. అందుకే గీతల అంచుల్లో సన్నటి రవ్వ కనిపిస్తుంది, ఒక కన్ను ఇంకో కన్నులా ఉండదు, వెనకవైపు చాలాసార్లు బొమ్మ ఉండదు. ఇండోనేషియా అనుకరణలు మంట దగ్గర కరిగిన గాజుదారంతో గీసినవి. గీత నున్నగా, పొంగి, మెరుస్తూ ఉంటుంది. రవ్వ కనబడితే మీరు గెలిచారు, మెరుపు కనబడితే మీ కోడలు.

ప్రశ్న: మాలిలో నైజర్ నది దిబ్బల్లో తవ్వితీసిన పూసలని ఒకాయన ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడు. మట్టితో సహా పంపుతానంటున్నాడు. కొనచ్చా? ధర ఎంత ఉండొచ్చు?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: కొనద్దు. అబద్ధమైతే డబ్బు పోయింది. నిజమైతే ఒక ఊరి చరిత్రని పారతో తవ్వి అమ్ముతున్నాడు. పాతకాలపు పూస ఏ పొరలో, ఏ కుండపెంకు పక్కన దొరికిందో తెలిస్తేనే దానికి వయసు కట్టగలరు. దిబ్బనుంచి పెరికేశాక మ్యూజియం కూడా చెప్పగలిగేది సగమే. నైజర్ లోయ పురావస్తువుల్ని అమెరికా తన దేశంలోకి రానివ్వకుండా 1993లోనే ఆంక్ష పెట్టిందంటే అక్కడ దోపిడీ ఏ స్థాయిలో ఉండేదో చూసుకోండి. సంతలో పేటల్లో తిరిగే వెనిస్ పూస వేరు, అది వ్యాపారం కోసమే పుట్టింది. ధర విషయం ఎవరడిగినా చెప్పను, మీకూ చెప్పను.

వచ్చే నెలకి ఫోటోలు పంపేవాళ్ళు ఒక్కో పూసకి మూడు తీయండి: పక్కనుంచి ఒకటి, బెజ్జం వైపు నుంచి ఒకటి, వెనక టార్చిలైటు పెట్టి ఒకటి. పక్కన స్కేలు పెట్టడం మరవద్దు. నూనె రాసి ఉంటే గోరువెచ్చటి సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక తీయండి. వేడి సూదితో పొడిచి పరీక్షించిన పూసల ఫోటోలు మాత్రం దయచేసి నాకు పంపకండి, చూడలేను.